క్లిప్స్‌లో అన్న ఎందుకు తప్పుకున్నాడు, ఎందుకు తిరిగొచ్చాడు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరూ మీ అన్నయ్యా కూకట్‌పల్లిలో ఇంటి గదిలోనే బీట్లు కట్టుకుని నాలుగేళ్లుగా తెలుగు ర్యాప్ రాస్తున్నారు. ఇప్పుడు అన్నయ్య ‘ఈ రకం పాటలు ఇక నా వల్ల కాదు’ అన్నాడు. అమెరికాలో క్లిప్స్ అనే అన్నదమ్ముల ర్యాప్ జంటలోనూ పెద్దవాడు మాలిస్ ఇలాగే తప్పుకుని, పదహారేళ్ల తరువాత తిరిగి వచ్చాడని విన్నారు. మానేసింది మతం వల్లనా, కేసుల భయంతోనా, తమ్ముడితో పడకనా అని మీ సందేహం.

నేను ఇరవై రెండేళ్లుగా యూసఫ్‌గూడలో ఒక రికార్డింగ్ గదిలో కూర్చుని ఇతరుల గొంతులు సరిచేసే పనిలో ఉన్నాను. భక్తి పాటలు, జానపదాలు, ఎన్నికలొస్తే పార్టీల పాటలు, ఇప్పుడు ర్యాప్. అన్నదమ్ముల జంటలు మా గదికి చాలానే వచ్చాయి, కొన్ని చీలిపోయాయి కూడా. ముందే చెప్పేస్తాను: మాలిస్ విషయంలో గొడవ లేదు. మతం ఉంది, భయమూ ఉంది. ఆ రెంటితోనే సరిపెట్టుకుంటే మాత్రం మీ అన్నయ్య అన్న మాట మీకు అందదు. అందుకని కాస్త దూరం నుంచి వస్తాను.

అన్నదమ్ములు కలిసి పాడటం మన ఊరికి కొత్త కాదు. కర్ణాటక సంగీతంలో రాఘవాచారి, శేషాచారి గార్లను ‘హైదరాబాద్ బ్రదర్స్’ అనే పిలుస్తారు. ఖవ్వాలీ పాడే వార్సీ సోదరులు నసీర్, నజీర్ ఇక్కడివారే. ఈ జంటల్లో ఇద్దరూ ఒకే సాహిత్యం పంచుకుంటారు. ఒకరు ఎత్తుకున్న పంక్తిని మరొకరు అందుకుంటారు. కీర్తనలో ‘నేను’ అని ఉన్నా అది పాడేవారి నేను కాదు. చివర త్యాగరాజ ముద్ర వచ్చి ఆ మాట ఎవరిదో తేల్చేస్తుంది. గోల్కొండ చెరసాలలో రామదాసు నగల లెక్కలన్నీ అప్పజెప్పి రాముణ్ణి నిలదీశాడు. ఆ కీర్తన పాడటానికి గాయకుడు జైలుకు వెళ్లి రానక్కర్లేదు. బుర్రకథలో కథకుడి పక్కన వంతలు ఉంటారు, వాళ్లూ కథ చెబుతారు గానీ ఆ కథ వాళ్ల మీద పడదు.

ర్యాప్‌లో ముద్ర పాడేవాడిదే. చరణం మధ్యలో తన పేరు తానే చెప్పుకుంటాడు, తన వీధి పేరు చెబుతాడు, ‘నేను చేశాను’ అంటాడు. కల్పన కలిపినా వినేవాడు దాన్ని అతని ఖాతాలోనే రాసుకుంటాడు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే బీటు మీద చెరో చరణం చెబితే, తమ్ముడు చెప్పిన ‘నేను’ అన్న మీద కూడా పడుతుంది. ఒకే ఇల్లు, ఒకే ఇంటిపేరు మరి. మాలిస్ కథంతా నాకు ఈ ముద్ర చుట్టూనే కనిపిస్తుంది.

అసలు పేర్లు జీన్ థార్న్‌టన్, టెరెన్స్ థార్న్‌టన్. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టారు, పెద్దవాడు 1972 ఆగస్టులో, చిన్నవాడు 1977 మేలో. పెరిగింది వర్జీనియా బీచ్‌లో. ఆ ప్రాంతపు కుర్రాడే ఫారెల్ విలియమ్స్. తరువాత చాడ్ హ్యూగోతో కలిసి ‘నెప్ట్యూన్స్’ పేరుతో సంగీతం కట్టినవాడు. అన్న పెట్టుకున్న పేరు మాలిస్, అంటే ఎదుటివాడికి కీడు తలపెట్టే బుద్ధి. తమ్ముడి పేరు పూషా టి; అందులో సరుకు అమ్మేవాడన్న సూచన ఉంది. పేర్లలోనే వస్తువు తేలిపోయింది చూడండి. వీళ్ల పాటల నిండా కొకైన్ అమ్మకమే.

ఫారెల్ పూనికతో 1990ల చివర్లో ఎలెక్ట్రా అనే రికార్డుల సంస్థతో ఒప్పందం కుదిరింది. 1999లో వచ్చిన తొలి పాట నడవలేదు, సిద్ధమైన ఆల్బం అటకెక్కింది. అప్పటికి అన్నకు ఇరవై ఏడేళ్లు. మన దగ్గర ఆ వయసుకు ఇంట్లో ‘ఇక ఉద్యోగం చూసుకో’ మొదలై అయిదేళ్లవుతుంది.

2002లో ‘గ్రైండిన్’ వచ్చింది. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఇది నా పని కాబట్టి. ఆ పాటలో రాగం పలికే వాద్యం దాదాపు లేదు. బరువైన దెబ్బ, దాని వెంట నాలుకతో చేసినట్టుండే చిన్న టక్కు, మిగిలిందంతా ఖాళీ. ఆ ఖాళీయే పాట. బడిలో బల్ల మీద పిడికిలితో, పెన్నుతో వాయించుకోవడానికి సరిగ్గా సరిపోయే లయ. అమెరికా బడుల్లో పిల్లలు భోజనాల బల్లల మీద నిజంగానే అలా వాయించారు. మిక్సింగ్ నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చేవాళ్లకు ఇదే మొదట వినిపిస్తాను. మనవాళ్లకు ఖాళీ అంటే భయం. నాలుగు ట్రాకులు చాలిన చోట నలభై పెడతారు. ఖాళీగా ఉన్న బీటులో గొంతు దాక్కోలేదు. ప్రతి మాటా పళ్లెంలో పెట్టినట్టు విడిగా వినపడుతుంది. కాబట్టి ఆ అన్నదమ్ములిద్దరూ ఏమంటున్నారో లోకమంతా స్పష్టంగానే వింది.

ఆ ఆగస్టులో ‘లార్డ్ విల్లిన్’ ఆల్బం విడుదలై అమెరికా ఆల్బంల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 4వ స్థానంలో మొదలైంది. దాని అట్ట మీద బొమ్మ గుర్తుందా? అన్నదమ్ములిద్దరూ కారులో పోతుంటే వెనక సీట్లో యేసు కూర్చుని ఉంటాడు. మాలిస్‌కు దేవుడు 2010 తరువాత హఠాత్తుగా దొరికాడని అనేవాళ్లకు నేను ఈ బొమ్మ చూపిస్తాను. మొదటినుంచీ వెనక సీట్లోనే ఉన్నాడు. వినడంలోనూ తేడా ఉంది. పూషా అమ్మకాన్ని చెప్పేటప్పుడు గొంతులో ఉల్లాసం వినపడుతుంది, మాటల చివర విరుపు ఉంటుంది. మాలిస్ అదే సరుకు గురించి చెబుతున్నా స్వరం కిందికి దిగి, వాక్యం బరువుగా ముగుస్తుంది. గొప్ప చెప్పుకుంటూనే లెక్క ఎప్పుడు తీర్చాలో చూసుకుంటున్న మనిషి.

తరువాత నాలుగేళ్లు కాగితాల గొడవ. 2004లో సోనీ, బీఎంజీ సంస్థలు కలిసిపోయాయి. ఎలెక్ట్రా తరువాత వీళ్లు చేరిన అరిస్టా సంస్థ ఆ కలయికలో మాయమైంది, వీళ్లు జైవ్ అనే మరో సంస్థ చేతికి వెళ్లారు. ఫారెల్ సొంత సంస్థ స్టార్ ట్రాక్ మాత్రం ఇంటర్‌స్కోప్ అనే వేరే సంస్థ వైపు వెళ్లిపోయింది. విడిచిపెట్టమంటే జైవ్ విడిచిపెట్టలేదు, సంగతి కోర్టుకెక్కింది. ఆ ఖాళీలో ఇంకో ఇద్దరు మిత్రులను కలుపుకుని, ఇతరుల బీట్ల మీద కొత్త చరణాలు చెప్పి మిక్స్‌టేపులుగా వదిలారు. రాత పదునెక్కింది అప్పుడే అని నా నమ్మకం. 2006 నవంబరులో ‘హెల్ హాత్ నో ఫ్యూరీ’ వచ్చింది. 14వ స్థానంతో సరిపెట్టుకుంది కానీ, వాళ్ల పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. అందులో అమ్మకు క్షమాపణ చెప్పుకునే పాట ఒకటి ఉంది. అమ్మకు పాటలోనే క్షమాపణ చెప్పి, పక్క పాటలో మళ్లీ అదే పని చెప్పడం ఎంతకాలం సాగుతుంది?

2009 ఏప్రిల్‌లో వాళ్ల మాజీ మేనేజరును మాదకద్రవ్యాల ముఠా నడిపిన కేసులో అరెస్టు చేశారు. నేరం ఒప్పుకున్నాడు, మరుసటి ఏడాది 32 ఏళ్ల శిక్ష పడింది. కేసుల భయం అని మీరు విన్నది దీని గురించే. అన్నదమ్ముల మీద ఏ కేసూ లేదు. కానీ ఆలోచించండి: మీరు ప్రాసకు ప్రాస కలిపి చెప్పుకున్న జీవితం, మీ పక్కనే తిరిగిన మనిషికి 32 ఏళ్ల లెక్కై వచ్చింది. మాటలు మీవి, జైలు అతనిది. మాలిస్ అక్కడ ఆగాడు. ఆ డిసెంబరులో మూడో ఆల్బం వచ్చింది, ఆ తరువాత జంటగా పాడటం లేదన్నాడు.

2011లో పుస్తకం రాశాడు. దాని పేరు బైబిల్ ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలోని వరుస మాటలే. మన చర్చిలకు వెళ్లేవాళ్లకు ఆ వరుస నోటికొచ్చే ఉంటుంది: దౌర్భాగ్యుడు, దిక్కుమాలినవాడు, దరిద్రుడు, గుడ్డివాడు, దిగంబరుడు. ఆ వచనంలో ఇవి ఎవరిని అన్నవి? నాకు డబ్బుంది, నాకేమీ కొదువ లేదు అనుకునేవాణ్ణి. ర్యాపర్‌కు ఇంతకంటే సూటిగా తగిలే తిట్టు నేను చదవలేదు. 2012లో పేరుకు ముందు ‘నో’ చేర్చుకుని నో మాలిస్ అయ్యాడు. కీడు తలంపు లేనివాడు. మతం మార్పు కంటే నాకు ఈ ముద్ర మార్పే ముఖ్యం. పాట మానలేదు, బీటు మానలేదు; పాటలో ‘నేను’ అన్నప్పుడు బయటికి వచ్చే మనిషిని మార్చుకున్నాడు.

గొడవ లేదని ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, 2013లో వచ్చిన అతని సొంత ఆల్బంలో తమ్ముడు వచ్చి ఒక పాటలో పాడాడు. అన్న దైవభక్తి ఆల్బంలో సరుకు అమ్మే పూషా! అదే ఏడాది పూషా తన తొలి సొంత ఆల్బం తెచ్చుకున్నాడు. అతని దారి మీకు తెలిసే ఉంటుంది: ర్యాపర్ కాన్యే వెస్ట్ సంస్థలో చేరడం, 2015లో దానికి అధ్యక్షుడు కావడం, 2018లో ఏడే పాటలతో 21 నిమిషాల ‘డేటోనా’, 2022లో మొదటి స్థానం అందుకున్న ‘ఇట్స్ ఆల్మోస్ట్ డ్రై’. అతను వస్తువు మార్చలేదు. అన్న లేకుండానే దాన్ని ఇంకా నున్నగా చెక్కాడు. అన్నను దెప్పలేదు, అన్న స్థానంలో ఇంకొకరిని తెచ్చి క్లిప్స్ అని పేరు పెట్టలేదు. నా గదిలో చీలిపోయిన జంటల్లో ఈ ఓర్పు ఉన్న తమ్ముణ్ణి ఒక్కణ్ణే చూశాను, అతని సంగతి చివర్లో చెబుతాను.

తిరిగి రావడం ఒక్కసారిగా జరగలేదు. 2019లో కాన్యే వెస్ట్ ‘జీసస్ ఈజ్ కింగ్’ ఆల్బంలో ఇద్దరూ ఒకే పాటలో చెరో చరణం చెప్పారు. భక్తి ఆల్బం, అంటే తమ్ముడే అన్న నేల మీదికి వచ్చాడన్నమాట. 2022లో తమ్ముడి ఆల్బం చివరి పాటలో, తమ్ముడి నేల మీదికి అన్న వచ్చాడు. ఈ రెంటి మధ్యే ఇల్లు కూలింది. 2021 నవంబరులో తల్లి పోయింది. నాలుగు నెలలకు, 2022 మార్చిలో, తండ్రి పోయాడు.

2025 జూలై 11న ‘లెట్ గాడ్ సార్ట్ ఎమ్ అవుట్’ వచ్చింది, మొత్తం ఫారెల్ సంగీతమే. దాని తొలి పాట ‘ద బర్డ్స్ డోన్ట్ సింగ్’ మీరూ మీ అన్నయ్యా విడివిడిగా వినండి, ఒకే గదిలో వద్దు. తమ్ముడి చరణం తల్లితో మాట్లాడుతుంది, అన్న చరణం తండ్రితో. ఇద్దరు కొడుకులంటే ప్రేమ అనే మాటలే తండ్రి ఫోను తెరిచే సంకేతమని మాలిస్ అందులో చెబుతాడు. పోయిన మనిషి ఫోను చేతిలో పట్టుకున్నవాడికి తప్ప తట్టని వివరం అది. రెండు దశాబ్దాల పాటలన్నీ పక్కన పెట్టి ఈ ఒక్క చరణం విన్నా ఇతను ఎలాంటి రచయితో తెలిసిపోతుంది. ఆ పాటను సెప్టెంబరులో వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చౌరస్తాలో పాడారు. సరుకు పాటలతో మొదలైన జంట అక్కడ నిలబడింది.

ఆ ఆల్బం వెనక కూడా కాగితాల గొడవ ఉంది. అతిథిగా వచ్చిన ర్యాపర్ కెండ్రిక్ లమార్ చెప్పిన చరణాన్ని మార్చమని డెఫ్ జామ్ సంస్థ అడిగిందని, ఒప్పుకోకుండా ఏడంకెల సొమ్ము కట్టి బయటికి వచ్చి రాక్ నేషన్ అనే మరో సంస్థ ద్వారా విడుదల చేశారని వాళ్లవైపు వారే చెప్పారు. తిరిగి 4వ స్థానం. సరిగ్గా 2002లో మొదలైన చోటే. గ్రామీ పురస్కారాల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బం విభాగానికి నామినేషన్ కూడా దక్కింది.

ఇక ఇబ్బందికరమైన ప్రశ్న. ఈ ఆల్బంలో సరుకు కబుర్లు లేవా? ఉన్నాయి. అతను ‘నో’ తీసేసి మళ్లీ మాలిస్ పేరుతోనే వచ్చాడు. కపటం అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించలేదు, అయితే పూర్తిగా కొట్టిపారేయను కూడా. రెండు మూడు పాటల్లో తమ్ముడి ఊపు అతన్ని పాత వీధిలోకి లాక్కుపోయిందనిపించింది. మిగతా చోట్ల మాత్రం అతని చరణం మొదలవగానే కాలం మారుతుంది. తమ్ముడు వర్తమానంలో చెబుతుంటే అన్న భూతకాలంలో చెబుతాడు. చేశాను, చూశాను, పోగొట్టుకున్నాను. క్రియ మారేసరికి అదే సరుకు కథ సాక్ష్యం అయిపోతుంది. 2009లో అతనికి ఈ క్రియ దొరకలేదు, అందుకే ఆగవలసి వచ్చిందని నేను అర్థం చేసుకున్నాను.

ఇప్పుడు నేను చెబుతానన్న తమ్ముడి సంగతి. ఉప్పల్ వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములు మూడేళ్లు నా దగ్గర పాడారు. కత్తులు, గొడవలు, ‘మా గల్లీకి మేమే రాజులం’ తరహా. ఇద్దరూ చీమకు కూడా హాని చేయరు. అన్నకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, మానేశాడు. ఏడాది తరువాత తమ్ముడు బతిమాలి తీసుకొచ్చాడు; అన్న చరణం కూడా తనే రాసి చేతిలో పెట్టాడు. పద్నాలుగు టేకులు తీశాను. తాళం తప్పలేదు, ఒక్క మాటా తడబడలేదు. అయినా గొంతులో ప్రాణం లేదు. వార్తలు చదువుతున్నట్టుంది. చివరికి మైకు ఆపకుండానే అడిగాను: ‘పొద్దున్నుంచి ఏం చేశావు బాబూ?’ అప్పు కట్టలేని ఒక పెద్దాయన బ్యాంకులో తన ఎదుట కూర్చుని ఏడ్చాడని చెప్పాడు. చెబుతుంటే గొంతు మారింది. తమ్ముడు లేచి, తను రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ‘అన్నయ్యా, అదే రాయి, నేను ఆగుతాను’ అన్నాడు. ఏడు నెలలు ఆగాడు. ఆ పాటకు వ్యూస్ పెద్దగా రాలేదు, నా గదిలో తయారైన మంచి పాటల్లో అది ఒకటి.

కాబట్టి మీ అన్నయ్య చరణం మీరు రాయకండి. ‘ఒక్క పాటకు పాత పద్ధతిలో రా’ అని కూడా అడగకండి. మతం, పెళ్లి, ఉద్యోగం, ఏది కారణమైనా సరే, అతను ఏ మాట దగ్గర ఆగుతున్నాడో అడగండి. నా అనుభవంలో సాధారణంగా ఒకటో రెండో నిర్దిష్టమైన పంక్తులు ఉంటాయి, పాడేటప్పుడు సిగ్గేసే పంక్తులు.

మీరు ఒంటరిగా పాడదలచుకుంటే పాడండి, పూషా పాడలేదా. జంట పేరు మాత్రం ఇద్దరిదీ. అన్నయ్య ఒప్పుకోకుండా దాన్ని వాడకండి. ఇప్పటిదాకా చేసిన పాటల్లో ఎవరి మాటలు ఎంత, బీటు ఎవరిది, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. అన్నదమ్ముల మధ్య కాగితం ఏమిటని అమ్మ కోప్పడుతుంది, పరవాలేదు. 2012 కాపీరైట్ సవరణ తరువాత సినిమాలో చేరిన పాటకైనా రాసినవారికి రాయల్టీ హక్కు ఉంటుంది. దాన్ని వసూలు చేసే సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో ఇద్దరూ విడివిడిగా సభ్యులుగా చేరండి.

ఒక పని ఈ రోజే చేయండి. అన్నయ్య గొంతు ఉన్న ముడి ఫైళ్లు, పూర్తికాని టేకులు, నవ్వి ఆపేసినవి, తిట్టుకున్నవి, అన్నీ ఒక హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. ఏ పాట, ఏ తేదీ అని పేర్లు పెట్టండి. డిస్కు చోటు చాలడం లేదని పాత సెషన్లు చెరిపేసి, మూడేళ్ల తరువాత నాకు ఫోను చేసి ‘మీ దగ్గర కాపీ ఏమైనా ఉందా అన్నా’ అని అడిగినవాళ్లు నలుగురున్నారు. ఇద్దరికే ఇవ్వగలిగాను.